‘ఎఫ్‌ఆర్’ ముద్ర చూసి ప్రాణాలు పణంగా పెట్టకండి

ఈ హెచ్చరిక ఇల్లు కట్టుకుంటున్నవారికి, దుకాణం ముందు మెరిసే ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు బిగిస్తున్నవారికి, ఎలక్ట్రిక్ స్కూటర్ కొని ఇంట్లో చార్జింగ్ పెడుతున్నవారికి, ఆసుపత్రులు, హాస్టళ్లు నడుపుతున్నవారికి. వాటికి అనుమతులిచ్చే అధికారులకు కూడా. ‘ఇది ఎఫ్‌ఆర్ గ్రేడ్ సార్, మంట అంటుకోదు’ అన్న మాట విని డబ్బు కట్టకండి, సంతకం పెట్టకండి. ఎఫ్‌ఆర్ అంటే ఫైర్ రిటార్డెంట్, మంటను నిదానింపజేసేది అని మాత్రమే. ఆ షీట్‌లో, ఆ బ్యాటరీ చుట్టూ పోసిన జిగురులో, ఆ వైరు తొడుగులో ఉన్నది ప్లాస్టిక్. ప్లాస్టిక్ కాలుతుంది. దాన్ని కొంతసేపు కాలకుండా ఆపేది అందులో కలిపిన ఫిల్లర్ పొడి. ఏ పొడి కలిపారు, ఎంత కలిపారు, ఎలా కలిపారు అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకపోతే ఆ ముద్రను నమ్మడానికి ఆధారమే లేదు.

ఎందుకింత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, మన కళ్లముందే మనుషులు పోయారు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ పైనున్న హోటల్‌ను కమ్మేసి ఎనిమిది మందిని బలి తీసుకుంది. ఆరు నెలలు తిరిగాయో లేదో, 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగలో చిక్కుకుని ప్రాణాలు వదిలారు. ఈ ప్రమాదాలన్నిటికీ కారణం ఒక్కటే అని చెప్పడం లేదు. అన్నిట్లోనూ కనిపించే నిజం మాత్రం ఒకటుంది. మన చుట్టూ ప్లాస్టిక్ పెరిగింది, అది ఎంత వేడికి ఎలా ప్రవర్తిస్తుందో పట్టించుకునేవారు పెరగలేదు.

పట్టించుకోకపోతే ఎక్కడిదాకా వెళ్తుందో లండన్ చూపించింది. 2017 జూన్ 14 అర్ధరాత్రి దాటాక గ్రెన్‌ఫెల్ టవర్ నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర మంట మొదలైంది. అది వంటగదిలోనే ఆగిపోవాల్సిన మంట. కిటికీ దాటి బయటి గోడకు బిగించిన అల్యూమినియం షీట్లను అందుకుంది. అర గంటలోపే 24 అంతస్తుల భవనం పైకప్పు దాకా పాకింది. 72 మంది చనిపోయారు. ఆ షీట్ల లోపల ఉన్నది పాలిథిలిన్. మంటలు అంత వేగంగా పాకడానికి ప్రధాన కారణం ఆ షీట్లేనని విచారణ సంఘం తేల్చింది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన తుది నివేదిక అంతకన్నా చేదు నిజం బయటపెట్టింది. ఆ సామగ్రిని తయారుచేసి అమ్మినవారు పరీక్షల వివరాల్లో నిజాయితీ పాటించలేదని, కొన్నవారిని తప్పుదారి పట్టించారని రాసింది.

ఇప్పుడు మన ఊళ్ల వైపు చూడండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలే కాదు, మండల కేంద్రాల్లోని బట్టల షాపులు, నర్సింగ్ హోమ్‌లు, కోచింగ్ సెంటర్లు సైతం ఏసీపీ తొడుక్కుని నిలబడ్డాయి. వాటిలో ఎన్నిటి లోపల ఏముందో ఎవరు చూశారు?

షీట్ అంచు కోసి చూస్తే

ఏసీపీ షీట్ సాధారణంగా 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. రెండు వైపులా అర మిల్లీమీటరు అల్యూమినియం రేకు, మధ్యలో 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర. చౌక రకంలో ఆ మధ్య పొర అచ్చంగా పాలిథిలినే. లెక్క వేసుకోండి. చదరపు మీటరు షీట్‌లో దాదాపు 2.75 కిలోల పాలిథిలిన్ ఉంటుంది. కిలోకు కిలో చూస్తే పాలిథిలిన్ కాలినప్పుడు పుట్టే వేడి, పెట్రోలు కాలినప్పుడు పుట్టే వేడి ఇంచుమించు సమానం. అంటే చదరపు మీటరుకు మూడున్నర లీటర్లకు పైగా పెట్రోలు గోడకు అతికించినట్టే. ముప్పై మీటర్ల ఎత్తు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న ఒక ముందు గోడకు ఈ షీట్లు బిగిస్తే రెండు వేల లీటర్లు దాటుతుంది. ఏ యజమానీ తన ఆసుపత్రి గోడకు అంత పెట్రోలు పూయనివ్వడు. షీట్ రూపంలో వస్తే మాత్రం బిల్లు కట్టి మరీ బిగించుకుంటున్నాడు.

ఎఫ్‌ఆర్ రకంలో ఈ ప్లాస్టిక్‌లో ఖనిజపు పొడి కలుపుతారు. ఎక్కువగా వాడేది అల్యూమినియం హైడ్రాక్సైడ్. పరిశ్రమలో దీన్ని ఏటీహెచ్ అంటారు. చూడటానికి మెత్తటి తెల్లటి పొడి. దాదాపు 200 డిగ్రీల వేడి తగలగానే ఇది విడిపోవడం మొదలెడుతుంది. విడిపోతూ గ్రాముకు సుమారు 1 కిలోజౌలు వేడిని మింగుతుంది. తన బరువులో మూడో వంతుకు పైగా నీటిని ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరి మంట దగ్గరి ఇంధన వాయువును పలచన చేస్తుంది. మిగిలిన అల్యూమినా పొరలా పేరుకుని కింది ప్లాస్టిక్‌ను కొంత కాపాడుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే 300 డిగ్రీలు దాటాక.

ఈ పని జరగాలంటే చిటికెడు పొడి చాలదు. బరువులో 60, 70 శాతం పొడే ఉండాలి. అంత పొడి కలిపితే ప్లాస్టిక్ చిక్కబడుతుంది, యంత్రం నెమ్మదిస్తుంది, షీట్ పెళుసెక్కుతుంది, ఖర్చు పెరుగుతుంది. తగ్గించి కలపాలన్న దురాశ అక్కడే పుడుతుంది. ఏటీహెచ్ బదులు సుద్దపొడి కలిపినా కంటికి తేడా తెలియదు. అదీ తెల్లగానే ఉంటుంది, అంతే బరువుగా తూగుతుంది. కానీ సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్, విడిపోవాలంటే 600 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. అప్పటికి ప్లాస్టిక్ కరిగి, బొట్లుగా కారి, కాలి ఎన్నో అంతస్తులు దాటి ఉంటుంది.

ఇంకో నిజం కూడా తెలుసుకోండి. 70 శాతం ఏటీహెచ్ నిజంగా కలిపిన షీట్‌లోనూ చదరపు మీటరుకు ఒకటిన్నర కిలోల ప్లాస్టిక్ మిగిలే ఉంటుంది. ఎఫ్‌ఆర్ అంటే నిదానంగా అంటుకునేది, తక్కువగా కాలేది. కాలనిది అని ఎవరైనా చెబితే అది అబద్ధం. ఎత్తయిన భవనాలకు, ఆసుపత్రులకు 90 శాతం వరకు ఖనిజం ఉండే ఏ2 తరగతి షీట్లు వాడాలని అనేక దేశాలు పట్టుబట్టడానికి కారణం ఇదే.

లెక్కలు ఎక్కడ మోసపోతాయి

ఇక్కడ ఇంజనీర్లకు, పరిశోధక విద్యార్థులకు, అంకుర సంస్థలు నడుపుతున్న యువకులకు ప్రత్యేకంగా ఒక మాట. మంటను ఆపడానికే కాదు, వేడిని బయటికి పంపడానికీ ప్లాస్టిక్‌లో ఫిల్లర్ కలుపుతారు. అలాంటి ప్లాస్టిక్‌లో వేడి ఎలా పాకుతుందో కంప్యూటర్‌లో నమూనా కట్టి, ఆ అంకె మీద బ్యాటరీ ప్యాక్‌ను, షీట్‌ను, స్విచ్ పెట్టెను డిజైన్ చేస్తున్నారు. నమూనా కట్టడం తప్పు కాదు, అవసరం కూడా. ఆ అంకెనే పరీక్షగా చలామణీ చేయడమే ప్రమాదం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్యాటరీ సెల్స్ మధ్య పోసే ఎపాక్సీ జిగురు ఉష్ణవాహకత, మీటరుకు డిగ్రీకి వాట్లలో, దాదాపు 0.2. అందులో కలిపే అల్యూమినా పొడిది దాదాపు 30. ఘనపరిమాణంలో 30 శాతం పొడి కలిపితే ఎంతవుతుంది? సగటు తీస్తే 9 దాటుతుంది. ఎంతోమంది చేసే తప్పు ఇదే. గుండ్రటి రేణువులు విడివిడిగా ఉన్న పదార్థానికి 1873లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఇచ్చిన సూత్రం ప్రకారం వచ్చేది 0.45 మాత్రమే. ఇరవై రెట్ల తేడా. అల్యూమినాకు బదులు అనంతమైన వాహకత ఉన్న పొడిని ఊహించుకున్నా, అదే 30 శాతానికి ఆ సూత్రం 2.3 రెట్ల పెరుగుదలకు మించి ఇవ్వదు.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వాగులో దూరదూరంగా రాళ్లున్నాయనుకోండి. రాయి ఎంత గట్టిదైనా, ఒక రాయి నుంచి ఇంకో రాయికి పోవాలంటే నీళ్లలో దిగక తప్పదు. వేడి కూడా రేణువులో క్షణంలో పరుగెత్తి, తర్వాతి రేణువు చేరేదాకా జిగురులో ఈదుతుంది. మొత్తం ఆలస్యమంతా ఆ జిగురు దగ్గరే. రేణువులు ఒకదానికొకటి తగిలి గొలుసు కట్టినప్పుడే దారి తెరుచుకుంటుంది. ఆ దశ ఎప్పుడు వస్తుందనేది రేణువు ఆకారం, పరిమాణం, కలిపిన తీరు మీద ఆధారపడుతుంది. ఒక్క సూత్రంతో తేలేది కాదు. పొడి ఎక్కువైనకొద్దీ సూత్రాల మధ్యే పొంతన ఉండదు. అదే అల్యూమినా 50 శాతానికి మాక్స్‌వెల్ లెక్క 0.8 దగ్గర ఆగితే, 1935 నాటి బ్రుగెమాన్ లెక్క 1.4 దాకా వెళ్తుంది. రెండూ పేరున్న సూత్రాలే. ఎవరికి ఏది లాభమో దాన్ని ఎంచుకుని డేటాషీట్‌లో అచ్చేస్తే, నష్టపోయేది కొన్నవాడు.

బరువుకూ పరిమాణానికీ మధ్య జరిగే పొరపాటు ఇంతకన్నా మామూలు, ఇంతకన్నా ప్రమాదకరం. బస్తా మీద శాతం బరువులో ఉంటుంది. సూత్రం అడిగేది పరిమాణంలో. అల్యూమినా జిగురు కన్నా మూడు రెట్లు బరువైనది. బరువులో 60 శాతం కలిపితే పరిమాణంలో అది 31 శాతమే. తెలియక 60నే సూత్రంలో పెడితే 1.06 అని వస్తుంది. నిజానికి రావాల్సింది 0.46. కాగితం మీద ఆ ప్యాక్ రెండింతల వేడిని బయటికి పంపేస్తుంది. స్కూటర్‌లో మాత్రం ఆ వేడి సెల్ దగ్గరే ఉండిపోతుంది.

నానో పొడి అనగానే అన్నీ బాగుపడతాయన్న నమ్మకం కూడా మానుకోవాలి. రేణువు వ్యాసం పదో వంతుకు తగ్గితే అదే పొడికి ఉపరితలం పదింతలు పెరుగుతుంది. రేణువూ జిగురూ కలిసే ప్రతి హద్దు దగ్గర వేడికి అడ్డంకి ఉంటుంది. హద్దుల దగ్గర ఇలాంటి అడ్డంకి ఉంటుందని 1941లోనే కపిట్జా ద్రవ హీలియంతో చేసిన ప్రయోగాల్లో గమనించాడు. హద్దులు పెరిగినకొద్దీ అడ్డంకులూ పెరుగుతాయి. ఒక పరిమాణం దాటి రేణువు చిన్నదైతే, ఎంత గొప్ప వాహకత ఉన్న పొడి అయినా జిగురుకు మేలు చేయదు సరికదా, కీడు కూడా చేయవచ్చు. హద్దు అడ్డంకిని లెక్కలోకి తీసుకోని నమూనా నానో పొడి విషయంలో ఎందుకూ కొరగాదు.

డబ్బా అడుగున మిగిలిన పొడి

కంప్యూటర్‌లో రేణువులు సమానంగా పరుచుకుని ఉంటాయి. గాలి బుడగ ఉండదు. పొడి జిగురుకు అంటి ఉంటుంది. వేడి 25 డిగ్రీలు. ప్యాక్‌లు కట్టే షెడ్డులో ఏం జరుగుతుందో చూడండి.

బ్యాటరీ ప్యాక్‌లో పోసే జిగురు రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. రెజిన్ డబ్బా గోదాములో నెలలపాటు కదలకుండా ఉంటే బరువైన పొడి అడుగుకు చేరి గట్టిపడుతుంది, పైన తేటగా జిగురు తేలుతుంది. మూత తీసి అడుగు దాకా బాగా కలియబెట్టాలి. ఆర్డర్ తొందరలో కలపకుండా పై నుంచి వంచితే మొదటి నాలుగైదు ప్యాక్‌లకు పొడి దాదాపు లేని జిగురు పోతుంది. చివరి ప్యాక్‌లకు అడుగున మిగిలిన ముద్ద పోతుంది. అది సెల్స్ మధ్యలోకి దిగక సందులు వదిలేస్తుంది. అన్ని ప్యాక్‌ల మీదా ఒకటే లేబుల్, ఒకటే వాహకత అంకె. ఏ ప్యాక్ మీ ఇంటికి వచ్చిందో మీకు తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

ఆ సందు చిన్నదేగా అనుకోవద్దు. గాలి వాహకత 0.026. వెంట్రుక మందం, అంటే 0.1 మిల్లీమీటరు గాలి సందు వేడికి పెట్టే అడ్డంకి, వాహకత 1 ఉన్న జిగురు దాదాపు 4 మిల్లీమీటర్లు పెట్టే అడ్డంకితో సమానం. ఎన్ని లక్షలు పెట్టి కొన్న పొడి అయినా ఆ ఒక్క సందు ముందు ఓడిపోతుంది.

షీట్ల తయారీలోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. ఏటీహెచ్ 200 డిగ్రీల దగ్గర విడిపోతుందని చెప్పుకున్నాం. ఉత్పత్తి పెంచాలని, ప్లాస్టిక్‌ను కరిగించే ఎక్స్‌ట్రూడర్ యంత్రం వేడిని అంతకు మించి పెంచితే, పొడి తనలోని నీటిని ఫ్యాక్టరీలోనే వదిలేస్తుంది. షీట్ నిండా బుడగలు పడతాయి. మంట వచ్చిననాడు పనిచేయాల్సిన పొడి, షీట్ గోడకెక్కకముందే చేతులెత్తేసిందన్నమాట. అలాంటి షీట్‌లో ఎంత శాతం పొడి ఉందని రాసినా ఆ అంకెకు అర్థం లేదు.

వాహకత పెరిగితే భద్రత పెరిగినట్టేనా?

కాదు. ఈ ఒక్క అపోహ తొలగితే ఎన్నో ప్రమాదాలను ముందే పసిగట్టవచ్చు. మందమైన ప్లాస్టిక్ దిమ్మెకు మంట తగిలినప్పుడు వాహకత ఎక్కువైతే వేడి లోపలికి పోతుంది, పైభాగం అంటుకోవడం ఆలస్యమవుతుంది. పలుచటి పొర అయితే వేడి పోవడానికి చోటే లేదు. అంతా ఒకేసారి వేడెక్కుతుంది, వాహకత పెంచినా పెద్దగా ఒరిగేది లేదు. మందమైన ముక్క మీద చేసిన పరీక్షను చూపించి పలుచటి షీట్ అమ్మడం ఇందుకే మోసం.

బ్యాటరీలో వాహకత రెండు వైపులా పదునున్న కత్తి. సెల్ వేడిని ప్యాక్ బయటి గోడకు చేరవేస్తే అది ప్రాణం కాపాడుతుంది. కానీ ఒక సెల్ అదుపు తప్పిందనుకోండి. లోపలి పొరలు 100 డిగ్రీల చుట్టుపక్కలే చెడటం మొదలై, 130 డిగ్రీల దగ్గర పాలిథిలిన్ సెపరేటర్ కరిగి, ఆ తర్వాత సెల్ తన వేడిని తానే పెంచుకుంటూ వందల డిగ్రీలకు ఎగబాకుతుంది. అప్పుడు అదే వాహకత ఆ వేడిని పక్క సెల్‌కు అందిస్తుంది. ఒకటి పేలితే వరసగా అన్నీ పేలే ప్రమాదం ఉంది. వేడి ఏ దిక్కుకు పోవాలో, ఏ దిక్కుకు పోకూడదో తేల్చకుండా ‘వాహకత ఎక్కువ’ అని గొప్ప చెప్పుకునే ప్యాక్‌ను కొనకండి. వాహకత కోసం కార్బన్, లోహపు పొడులు కలిపే చోట మరో గండం కూడా ఉంది. అవి వేడితోపాటు కరెంటునూ మోస్తాయి. సెల్స్ మధ్య షార్ట్ సర్క్యూట్‌కు దారి వేస్తాయి.

ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, ఈ లెక్కలన్నీ మామూలు గది వేడిలో చేసినవి. మంట తగిలాక పదార్థం మారిపోతుంది. ప్లాస్టిక్ కరుగుతుంది, పొడి నీటిని వదిలి గుల్లబారుతుంది, 660 డిగ్రీల దగ్గర షీట్ పైనున్న అల్యూమినియం రేకే కరిగిపోతుంది. 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె ఆ సమయానికి చెల్లని నోటు.

ఏ పరీక్ష అడగాలి

డేటాషీట్‌లో ‘వీ-జీరో’ అని కనిపిస్తే అది దేనికో తెలుసుకోండి. సన్నటి ముక్కను నిలువుగా వేలాడదీసి, చిన్న బర్నర్ మంటను పది సెకన్ల చొప్పున రెండుసార్లు తగిలించి, ముక్క ఎంతసేపట్లో ఆరిపోతుందో చూసే పరీక్ష అది. చార్జర్ డబ్బా లాంటి వాటికి అది పనికొస్తుంది. పది అంతస్తుల గోడకు, నిండా సెల్స్ ఉన్న ప్యాక్‌కు అది సమాధానం కాదు. గోడకైతే షీటూ, దాని వెనుక సందూ, ఇన్సులేషనూ, బిగింపులూ అన్నీ కలిపి పెద్ద ఎత్తున చేసిన మంట పరీక్ష నివేదిక కావాలి. బ్యాటరీకైతే ఒక సెల్‌ను కావాలని వేడెక్కించి మంట పక్క సెల్స్‌కు పాకుతుందో లేదో చూసిన నివేదిక కావాలి. వరస ప్రమాదాల తర్వాత కేంద్రం విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలను బిగించి, 2022 డిసెంబర్ 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమల్లోకి తెచ్చింది. అంతకుముందు తయారైన ప్యాక్‌లు, ఊళ్లలో విప్పి మళ్లీ కట్టిన ప్యాక్‌లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి.

షీట్ విషయంలో మోసాన్ని పట్టే సులువైన లేబొరేటరీ పరీక్ష ఒకటి ఉంది. మధ్య పొర నుంచి 100 గ్రాములు తీసి, కొలిమిలో 550 డిగ్రీల దగ్గర కాల్చి, మిగిలింది తూచాలి. అచ్చమైన పాలిథిలిన్ అయితే దాదాపు ఏమీ మిగలదు. 70 శాతం ఏటీహెచ్ ఉంటే 46 గ్రాముల దగ్గర మిగులుతుంది, ఎందుకంటే పొడిలోని నీరు పోతుంది. సుద్ద కలిపి ఉంటే 70 గ్రాములూ మిగులుతాయి, ఎందుకంటే ఆ వేడికి సుద్ద చలించదు. దొంగను పట్టడానికి ఈ తూకం మొదటి మెట్టు. రంగును బట్టి తేల్చవద్దు, రంగు ఎవరైనా కలపవచ్చు. ముక్కను ఇంట్లో కాల్చి చూడటం అసలే వద్దు, ఆ పొగ విషం. హైదరాబాద్, విజయవాడల్లో ప్లాస్టిక్‌లను పరీక్షించే సిపెట్ కేంద్రాలున్నాయి. పెద్ద మంట పరీక్షలకు రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ ఉంది. అడిగేవారు లేకనే ఆగింది గాని, పరీక్షించే చోటు లేక కాదు.

వైర్ల విషయంలో కూడా తేడా తెలుసుకోవాలి. మామూలు ఎఫ్‌ఆర్ వైరు మంటను తన వెంట పాకనివ్వకుండా చూస్తుంది. కానీ అది పీవీసీ కాబట్టి, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది. జనం గుమిగూడే చోట్ల, హాస్టళ్లలో, ఆసుపత్రుల్లో హాలోజన్ లేని, పొగ తక్కువ ఇచ్చే వైర్లు వేయించండి. వాటికి ఐఎస్ 17048 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఐఎస్‌ఐ గుర్తుతోపాటు ఆ నంబరు ఉందో లేదో చూడండి. అగ్నిప్రమాదాల్లో మంట తాకకముందే పొగే మనిషిని పడేస్తుందని సికింద్రాబాద్ రెండుసార్లు చెప్పింది.

వెంటనే చేయాల్సినవి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇంకో ప్రమాదం కోసం ఎదురుచూడకూడదు. ఆసుపత్రులు, హోటళ్లు, మాల్‌లు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల ముందు గోడల నుంచి నమూనాలు తీసి పరీక్షించాలి. పాలిథిలిన్ అని తేలితే గడువు పెట్టి తీయించాలి. ఫైర్ ఎన్‌ఓసీ ఇచ్చేటప్పుడు సిలిండర్లు, మెట్లు, పంపులు చూస్తున్నారు. గోడకు తొడిగిన షీట్ బ్యాచ్ నంబరు, దాని పరీక్ష నివేదిక కూడా ఫైలులో ఉండి తీరాలి. నివేదికలో ఉన్న షీటూ, గోడకెక్కిన షీటూ ఒకటేనని సంతకం పెట్టినవారే బాధ్యులు కావాలి. విప్పిన సెల్స్‌తో ప్యాక్‌లు కట్టే షెడ్లకు లైసెన్సు, తనిఖీ ఉండాలి.

తయారీదారులు డేటాషీట్‌లో నాలుగు విషయాలు దాచకుండా అచ్చేయాలి. ఏ పొడి, బరువులోనూ పరిమాణంలోనూ ఎంత శాతం, రేణువు పరిమాణం ఎంత, వాహకత కొలిచిందా లెక్క కట్టిందా. కొలిచిందైతే ఏ వేడి దగ్గర, ఏ మందం మీద అన్నది కూడా చెప్పాలి.

నమూనాలు కట్టే ఇంజనీర్లు ఒక్క అంకె ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత అన్న హద్దులు ఇవ్వండి. ఆ హద్దులు ఎలా కట్టాలో 1962లోనే హషిన్, ష్ట్రిక్‌మన్ చూపించారు. భద్రత కోసం డిజైన్ చేసేటప్పుడు ఆశపెట్టే హద్దును పక్కన పెట్టి, భయపెట్టే హద్దును తీసుకోండి. షెడ్డులో పోసి గట్టిపడిన జిగురు నుంచి పైనా, మధ్యనా, అడుగునా ముక్కలు కోసి కొలవండి. కొలిచిన దానికీ మీ లెక్కకూ పొంతన కుదరకపోతే తప్పు కొలతది అనుకోకండి. లెక్కను దిద్దండి. మీ ప్రొఫెసర్ మెచ్చుకున్నా, పెట్టుబడిదారు తొందరపెట్టినా, కొలవని ప్యాక్‌ను మార్కెట్లోకి వదలకండి.

ఇక మనందరికీ. స్కూటర్ బ్యాటరీని పడకగదిలో, గుమ్మం దగ్గర, మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి. మంటలు లేస్తే బయటికి పారిపోయే దారి అదే కావచ్చు. అందరూ నిద్రపోయాక చార్జింగ్ వదిలేయకండి. కంపెనీ ఇచ్చిన చార్జర్ తప్ప వేరేది వాడకండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకుండా చల్లారనివ్వండి. బ్యాటరీ ఉబ్బినా, వింత వాసన వచ్చినా, బుసబుసమని చప్పుడు చేసినా దాన్ని ముట్టుకోకుండా ఇంట్లోవాళ్లందరినీ బయటికి తీసుకెళ్లి 101కు ఫోన్ చేయండి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లకండి. ఇంటికో, దుకాణానికో షీట్లు వేయిస్తుంటే ఫ్యాబ్రికేటర్‌ను బిల్లు మీద కంపెనీ, గ్రేడు, బ్యాచ్ నంబరు రాసివ్వమనండి. పరీక్ష నివేదిక చూపించమనండి. మీ పిల్లలు చదివే హాస్టల్ యాజమాన్యాన్ని, మీ అమ్మానాన్నలను చేర్చిన ఆసుపత్రిని కూడా ఇదే అడగండి. అడగడం మీ హక్కు, చూపించడం వాళ్ల బాధ్యత. చూపించలేనివాళ్ల దగ్గర కొనకండి, చూపించలేని భవనంలో మీవాళ్లను ఉంచకండి.